యుద్ధం అయిపోయింది, అలారం మోగుతూనే ఉంది

2022 దీపావళి. రాజమండ్రిలో మా పెద్దమ్మ వాళ్ల డాబా మీద అందరం టపాకాయలు కాలుస్తున్నాం. కింద వీధిలో ఎవరో లక్ష్మీబాంబు పేల్చారు. అప్పటిదాకా పిట్టగోడకి ఆనుకుని కబుర్లు చెప్తున్న మా అన్నయ్య ఒక్కసారిగా నేలమీద బోర్లా పడిపోయాడు. రెండు చేతులూ తలమీద. ఏదో ఆట అనుకుని చిన్నపిల్లలు నవ్వారు. మా మావయ్య కూడా నవ్వాడు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. అన్నయ్య లేచి, చొక్కా దులుపుకుని, మారు మాట్లాడకుండా కిందికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి భోజనానికి కూడా రాలేదు.

అన్నయ్య ఖార్కివ్‌లో మెడిసిన్ చదివేవాడు. ఆ ఏడాది ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైనప్పుడు ఆరు రోజులు హాస్టల్ సెల్లార్‌లో ఉన్నాడు. తర్వాత కిక్కిరిసిన రైల్లో నిలబడే పడమటి సరిహద్దు దాకా వెళ్లి, 'ఆపరేషన్ గంగ' విమానంలో ఇల్లు చేరాడు. ఎయిర్‌పోర్టులో దండలు, ఫొటోలు, ఇంటి గుమ్మంలో దిష్టి తీయడం అన్నీ అయ్యాయి. దీపావళి నాటికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి. "ఇంకా ఏంట్రా ఇది?" అనేదే అందరి మనసులో మాట. నా మనసులో కూడా.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ చదివిన సంగతులే ఈ వ్యాసం. చదువుతున్నకొద్దీ ఇంకో ప్రశ్న కూడా వెంటపడింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆరు రోజుల యుద్ధమే ఇంత పని చేస్తే, పన్నెండేళ్లకే యుద్ధంలో పడి ఏళ్ల తరబడి అందులోనే పెరిగిన పిల్లల సంగతేంటి?

పేరు పెట్టడానికే అరవై అయిదేళ్లు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఒంటిమీద గాయం లేకుండానే వణికిపోయే, మాట పడిపోయే సైనికులు వేలకొద్దీ ఆసుపత్రులకి వచ్చారు. 1915లో ఛార్లెస్ మైయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో రాస్తూ దీన్ని 'షెల్ షాక్' అన్నాడు. ఫిరంగి గుండు పేలుడు వల్ల నరాలు అదిరిపోయి ఇలా అవుతోందని మొదట్లో అనుకున్నారు. పేలుడు దరిదాపుల్లో లేనివాళ్లకి కూడా ఇదే వస్తోందని తర్వాత తెలిసింది. అయినా చాలామందికి దక్కింది వైద్యం కాదు, పిరికివాడన్న ముద్ర. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల గొడవ బాగా పెరిగాక, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల జాబితాలో దీనికి చోటిచ్చింది. పేరు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పీటీఎస్‌డీ.

ఈ చరిత్ర అంతా సైనికుల చుట్టూనే తిరిగింది. పిల్లల్ని గమనించినవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో ముఖ్యులు అన్నా ఫ్రాయిడ్, డొరోతీ బర్లింగ్‌హామ్. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో వీళ్లు హ్యాంప్‌స్టెడ్‌లో పిల్లల కోసం ఆశ్రయాలు నడిపారు. అక్కడ వాళ్లు చూసిందేమిటంటే, బాంబుల కంటే అమ్మానాన్నల నుంచి విడిపోవడమే పిల్లల్ని ఎక్కువ దెబ్బతీసింది. అమ్మ పక్కనే ఉండి, ఆ అమ్మ కాస్త నిబ్బరంగా ఉంటే, బాంబుల మోతలో కూడా పిల్లలు తట్టుకున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

లోపల ఏం జరుగుతుంది?

మనకి అలవాటైన భాషలో చెప్పుకుందాం. మెదడులో ఒక సెన్సర్, ఒక కంట్రోలర్, ఒక డేటా లాగర్ ఉన్నాయనుకోండి.

సెన్సర్ పేరు ఎమిగ్డలా. ప్రమాదాన్ని పసిగట్టడం దీని పని. పెద్ద చప్పుడు వినగానే, అదేమిటో మనం ఆలోచించేలోపే ఇది గుండె వేగం పెంచుతుంది, కండరాలు బిగిస్తుంది, ఒంట్లోకి అడ్రినలిన్ పంపిస్తుంది. కంట్రోలర్ పేరు ప్రీఫ్రంటల్ కార్టెక్స్, నుదుటి వెనక ఉంటుంది. "ఆగు, అది టపాకాయే" అని సెన్సర్‌కి సర్దిచెప్పేది ఇదే. డేటా లాగర్ హిప్పోకాంపస్. జరిగినదాన్ని 'ఎక్కడ, ఎప్పుడు' అన్న వివరాలతో సహా దాచిపెడుతుంది.

యుద్ధంలో సెన్సర్ తన థ్రెషోల్డ్‌ని కిందికి దించేసుకుంటుంది. చిన్న చప్పుడుకే ట్రిప్ అవుతుంది. యుద్ధంలో అది తప్పు కాదు, తెలివైన పని. లేని బాంబుకి ఉలిక్కిపడితే పోయేదేం లేదు. ఉన్న బాంబుకి ఉలిక్కిపడకపోతే ప్రాణమే పోతుంది. మన భాషలో, ఫాల్స్ పాజిటివ్ ఖర్చు చాలా తక్కువ, ఫాల్స్ నెగెటివ్ ఖర్చు ప్రాణం. ఇలాంటి చోట ఏ ఇంజనీరైనా థ్రెషోల్డ్ తగ్గించే పెడతాడు. చిక్కు ఎక్కడంటే, మనిషి రాజమండ్రి వచ్చేశాక కూడా సెట్టింగ్ ఖార్కివ్‌దే ఉంటుంది. అది చెడిపోయిన యంత్రం కాదు, వేరే చోటికి సెట్ చేసిన యంత్రం.

డేటా లాగర్ సంగతి ఇంకోటి. విపరీతమైన భయంలో దాచిన జ్ఞాపకాల్లో చప్పుడు, వాసన, వెలుగు బాగా అచ్చుపడతాయి కానీ 'ఎప్పుడు' అన్న టైమ్‌స్టాంప్ సరిగ్గా పడదు. మామూలు జ్ఞాపకం వస్తే "అప్పుడు ఇలా జరిగింది" అనుకుంటాం. టైమ్‌స్టాంప్ లేని జ్ఞాపకం వస్తే "ఇప్పుడు జరుగుతోంది" అనిపిస్తుంది. డాబా మీద అన్నయ్యకి గుర్తొచ్చింది పాత బాంబు కాదు. ఆ క్షణంలో అతనికి అది నిజమైన బాంబే.

పీటీఎస్‌డీ లక్షణాల్ని డాక్టర్లు నాలుగు గుంపులుగా చూస్తారు. పిలవకుండానే వచ్చే జ్ఞాపకాలు, పీడకలలు ఒకటి. ఆ సంగతి గుర్తుచేసే మనుషుల్నీ చోట్లనీ మాటల్నీ తప్పించుకు తిరగడం రెండోది. తనమీద, లోకంమీద నమ్మకం పోయి, దేనిమీదా ఆసక్తి లేకుండా అయిపోవడం మూడోది. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపాటు, చీటికిమాటికి కోపం నాలుగోది. ఇవి నెల దాటినా తగ్గకుండా, చదువునీ పనినీ బంధాల్నీ దెబ్బతీస్తుంటే అప్పుడే దాన్ని పీటీఎస్‌డీ అంటారు. మొదటి వారాల్లో ఇలా ఉండటం చాలామందికి మామూలే.

ఇంకో మాట. యుద్ధం చూసిన ప్రతివాళ్లకీ ఈ జబ్బు రాదు. యుద్ధం జరిగే ప్రాంతాల్లో ఉండేవాళ్లలో దాదాపు 22 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసింది. ఇందులో పీటీఎస్‌డీతో పాటు డిప్రెషన్, తీవ్రమైన ఆందోళన లాంటివి కూడా ఉన్నాయి. అయిదుగురిలో ఒకరికి పైమాటే, చిన్న సంఖ్యేం కాదు. అలాగని అందరూ 'పాడైపోయారు' అనుకోవడం కూడా తప్పే.

పదిహేనేళ్ల వయసే ఎందుకు కష్టం?

కౌమారంలో సెన్సర్ బాగా చురుగ్గా ఉంటుంది, కంట్రోలర్ ఇంకా తయారవుతూనే ఉంటుంది. ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పూర్తిగా ఎదిగేసరికి పాతికేళ్లు వచ్చేస్తాయి. అంటే బ్రేకులు బిగించడం పూర్తికాకముందే బండిని ఘాట్ రోడ్డు ఎక్కించినట్టు.

ఇంకో కారణం మెదడుది కాదు, వయసుది. "నేనెవర్ని? ఏమవుతాను?" అని మనిషి తేల్చుకునే రోజులు ఇవే. 'ఐడెంటిటీ క్రైసిస్' అనే మాట మనం తేలిగ్గా వాడేస్తుంటాం కదా, దాన్ని ప్రచారంలోకి తెచ్చిన ఎరిక్ ఎరిక్సన్ ఆ మాటని మొదట వాడింది రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన సైనికులకి వైద్యం చేసేచోట. తామెవరో, నిన్నటి తమకీ ఇవాళ్టి తమకీ సంబంధమేంటో తెలియని స్థితిలో వాళ్లు ఉన్నారని గమనించాడు. అదే అయోమయం కుర్రతనంలో సహజంగానే ఉంటుందని తర్వాత వివరించాడు. సహజంగానే అయోమయంగా ఉండే వయసు మీద యుద్ధం వచ్చిపడితే రెండూ కలిసిపోతాయి.

అయిదేళ్ల పిల్లాడు బాంబుకి భయపడి అమ్మని పట్టుకుంటాడు. పదిహేనేళ్ల పిల్లాడు భయపడటంతో ఆగడు. "నేను తలుపు తీసి ఉంటే చెల్లి బతికేదా?" అని అడుక్కుంటాడు. మంచీ చెడూ తూకం వేసే బుద్ధి అప్పటికే వచ్చి ఉంటుంది కాబట్టి, తప్పంతా తన నెత్తినే వేసుకుంటాడు. తండ్రి పోతే ఇంటికి తనే పెద్ద అయిపోతాడు. రేపు అనేది ఉందో లేదో తెలియదు కాబట్టి చదువు మీద, ఉద్యోగం మీద, పెళ్లి మీద ఆశ పెట్టుకోడు. పైకి మాత్రం ఇది ఏడుపులా కనబడదు. కోపంలా, మొండితనంలా, క్లాసులు ఎగ్గొట్టడంలా, మత్తులా కనబడుతుంది. పెద్దవాళ్లు దానికి 'పొగరు' అని పేరు పెడతారు.

సియెర్రా లియోన్ పిల్లలు

దీన్నంతా ఒకే చోట, చాలా ఏళ్లపాటు చూసిన దేశం ఒకటుంది. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్. 1991 మార్చిలో ఫోడే సాంకో నాయకత్వంలో ఆర్‌యూఎఫ్ అనే తిరుగుబాటు దళం లైబీరియా వైపు నుంచి దాడి చేయడంతో యుద్ధం మొదలైంది. 2002 జనవరిలో ముగిసింది. వజ్రాల గనులు ఈ మంటకి నెయ్యి పోశాయి. దాదాపు 50 వేల మంది చనిపోయారని అంచనా.

ఈ యుద్ధంలో తిరుగుబాటుదార్లు, ప్రభుత్వ సైన్యం, ఊరి రక్షణ దళాలు అందరూ పిల్లల్ని వాడుకున్నారు. ఊరి మీద పడి, పిల్లల్ని ఎత్తుకుపోయి, కొన్నిసార్లు సొంత ఊరివాళ్లనే, సొంతవాళ్లనే చంపించేవారు. కారణం ఒక్కటే, ఆ పిల్లాడు మళ్లీ ఇంటిముఖం చూడకూడదు. మత్తుమందులిచ్చి తుపాకీ చేతిలో పెట్టేవారు. అమ్మాయిల చేత వంట చేయించారు, బరువులు మోయించారు, కొందరికి తుపాకులిచ్చారు, చాలామందిని కమాండర్లకి 'భార్యలు' అని పేరుపెట్టి అప్పగించారు.

ఇష్మాయిల్ బీ అనే అబ్బాయి తన కథని 2007లో 'ఎ లాంగ్ వే గాన్' అనే పుస్తకంగా రాశాడు. దాని ప్రకారం, తుపాకీ పట్టేనాటికి అతనికి పదమూడేళ్లు. అతన్ని చేర్చుకుంది తిరుగుబాటుదార్లు కాదు, ప్రభుత్వ సైన్యం. యునిసెఫ్ వాళ్లు బయటికి తెచ్చి ఫ్రీటౌన్‌లోని పునరావాస కేంద్రంలో పెట్టాక, పిల్లలు మొదట కృతజ్ఞత చూపలేదు, తిరగబడ్డారు. ఎందుకంటే వాళ్లకి మిగిలిన ఒకే ఒక్క కుటుంబం ఆ దళమే.

యుద్ధం ముగిశాక ఆయుధాలు దించి బయటికొచ్చిన పిల్లలు దాదాపు 7 వేల మంది. అందులో అమ్మాయిలు 500 చిల్లర మాత్రమే. అమ్మాయిలు తక్కువమంది ఉన్నారని కాదు. తుపాకీ చేతిలో లేనివాళ్లని సైనికులుగా ఎవరూ లెక్కపెట్టలేదు. పేరు నమోదైతే పెళ్లి కాదేమో, ఊరివాళ్లు ఏమంటారో అని వాళ్లు కూడా ముందుకి రాలేదు. సాయం అందాల్సిన చోట అసలు జాబితాలోనే లేకుండా పోయారు.

ఆ పిల్లల్ని నేరస్థులుగా చూడాలా, బాధితులుగా చూడాలా అన్నది పెద్ద చర్చ. అక్కడి యుద్ధనేరాల కోసం పెట్టిన ప్రత్యేక న్యాయస్థానానికి పదిహేనేళ్లు దాటినవాళ్లని విచారించే అధికారం ఉండేది. అయినా పిల్లలెవరి మీదా కేసు పెట్టనని ప్రాసిక్యూటర్ డేవిడ్ క్రేన్ ప్రకటించాడు. పిల్లల్ని చేర్చుకున్న పెద్దల మీద మాత్రం కేసులు నడిచాయి. 2007లో అదే న్యాయస్థానం బాలల్ని సైనికులుగా వాడుకున్న నేరానికి శిక్ష వేసింది. అంతర్జాతీయ స్థాయిలో ఈ నేరానికి పడిన మొదటి శిక్ష అదే.

పదిహేనేళ్ల పరిశీలన

యుద్ధం ముగిసిన 2002లోనే థెరీసా బెటాన్‌కోర్ట్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ పిల్లల మీద ఒక అధ్యయనం మొదలుపెట్టింది. 10 నుంచి 17 ఏళ్ల వయసున్న సుమారు 500 మంది. ఒకసారి ప్రశ్నలడిగి వదిలేయలేదు. 2004లో, 2008లో, మళ్లీ 2016-17లో వాళ్ల దగ్గరకే వెళ్లారు. అప్పటికి ఆ పిల్లలు పెళ్లయి, పిల్లల్ని కన్న పెద్దవాళ్లయ్యారు.

యుద్ధంలో ఏం జరిగిందన్నది లెక్కలోకి వచ్చింది, సందేహం లేదు. ఎవరినైనా చంపాల్సి వచ్చినవాళ్లలో, గాయపరచాల్సి వచ్చినవాళ్లలో శత్రుభావం, కోపం ఎక్కువ కాలం మిగిలాయి. అత్యాచారానికి గురైనవాళ్లలో ఆందోళన ఎక్కువ. మరీ చిన్న వయసులో దళంలోకి వెళ్లినవాళ్లకి కష్టం ఎక్కువ. ఇవన్నీ మనం ఊహించేవే.

ఊహించనిది ఇంకోటి ఉంది. ఇంటికి వచ్చాక ఏం జరిగిందన్నది కూడా దాదాపు అంతే బలంగా లెక్కలోకి వచ్చింది. ఊరు, కుటుంబం వాళ్లని ఎలా చూశాయన్నదాన్ని బట్టి పరిశోధకులు మూడు గుంపులు గుర్తించారు. మొదటివాళ్లకి వెలివేత తక్కువ, ఇంట్లో ఆదరణ ఎక్కువ. రెండోవాళ్లని మొదట్లో దూరం పెట్టారు కానీ కాలం గడిచేకొద్దీ కలుపుకున్నారు. మూడోవాళ్లకి వెలివేత అలాగే ఉండిపోయింది, అండ లేదు. మొదటి గుంపుతో పోలిస్తే మూడో గుంపులో తీవ్రమైన ఆందోళన, డిప్రెషన్ దాదాపు రెండింతలు. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లు మూడింతలు. పోలీసు గొడవల్లో పడ్డవాళ్లు నాలుగింతలకి పైనే.

మరి రెండో గుంపు? మొదట వెలివేసి తర్వాత దగ్గరకి తీసినవాళ్లు? వాళ్లు దాదాపు మొదటి గుంపు అంత బాగా ఉన్నారు. నాకు ఇది చాలా పెద్ద సంగతిలా అనిపించింది. యుద్ధంలో జరిగినదాన్ని ఎవరూ మార్చలేరు, అది ఫిక్స్‌డ్ ఇన్‌పుట్. ఊరు ఎలా చూస్తుందన్నది మాత్రం మార్చగలిగేది, అది కూడా ఆలస్యంగా మార్చినా పనిచేసేది. లండన్ పిల్లల దగ్గర అన్నా ఫ్రాయిడ్ చూసింది కూడా ఇలాంటిదే. బాంబు ఒక్కటే కాదు, బాంబు పడ్డప్పుడూ పడ్డాకా పక్కన ఎవరున్నారన్నది ముఖ్యం.

ఏది పనిచేసింది?

యుద్ధం తర్వాత చాలాకాలం ఆ దేశం మొత్తానికి ఒక్కడే సైకియాట్రిస్టు, డాక్టర్ ఎడ్వర్డ్ నాహిం. యాభై లక్షల పైచిలుకు జనానికి ఒక్క డాక్టరు. కాబట్టి ఆసుపత్రి దారి అందరికీ అందేది కాదు.

ఊళ్లు తమ దారి తాము వెతుక్కున్నాయి. ఉత్తరాన టెమ్నే భాష మాట్లాడే ప్రాంతాల్లో, తిరిగొచ్చిన పిల్లలకి 'చల్లని గుండె' కావాలని పెద్దలు అనేవారట. ప్రార్థన చేసి, దీవించి, మంత్రించిన నీళ్లు తాగించి లోపలికి తీసుకునేవారు. పిల్లాడి గుండె చల్లబడటంతో పాటు ఊరి గుండె కూడా చల్లబడాలని దీని అర్థం. 'కడుపు చల్లగా', 'మనసు చల్లబడింది' అనుకునే మనకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. జరిగినదంతా నలుగురిలో చెప్పించడం కంటే, నువ్వు మళ్లీ మావాడివే అని నలుగురిలో చూపించడం ఇక్కడ ముఖ్యం.

బడి కూడా పనిచేసింది. చదువు కొనసాగించినవాళ్లు నలుగురితో బాగా కలవగలిగారు. బెటాన్‌కోర్ట్ బృందం అక్కడివాళ్లతో కలిసి 'యూత్ రెడీనెస్ ఇంటర్వెన్షన్' అనే కార్యక్రమం కూడా తయారుచేసింది. డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన స్థానికులే దీన్ని గుంపులుగా నడిపారు. కోపం వచ్చినప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలి, గొడవని ఎలా తేల్చుకోవాలి, సమస్యని ముక్కలుగా ఎలా చూడాలి, ఇలాంటివి నేర్పారు. 436 మంది యువతీయువకులతో చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. భావాల్ని అదుపులో పెట్టుకోవడం, రోజువారీ పనులు, బడికి క్రమంగా వెళ్లడం మెరుగయ్యాయి. పీటీఎస్‌డీ లక్షణాలు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంటే అలారం మోగుతూనే ఉంది, కానీ మోగుతుండగానే చదువుకోవడం, బతకడం నేర్చుకున్నారు. అలారం శబ్దాన్నే తగ్గించాలంటే ఆ పనిలో శిక్షణ ఉన్న థెరపిస్టు దగ్గరికి వెళ్లాలి. భయపెట్టే జ్ఞాపకాన్ని భద్రమైన చోట, నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చెప్పించి దానికి టైమ్‌స్టాంప్ వేయించే పద్ధతులున్నాయి, అవి పనిచేస్తాయి కూడా. అది స్నేహితులు చేసే పని కాదు.

మరి మనం చేసేది?

మనలో ఎవరం సియెర్రా లియోన్ వెళ్లం. కానీ ఖార్కివ్ నుంచి వచ్చినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. యుద్ధం కాకపోయినా వరదో, యాక్సిడెంటో, ఇంట్లో హింసో చూసి వచ్చినవాళ్లు మన హాస్టల్లోనే, పక్క మంచం మీదే ఉండొచ్చు. సెన్సర్‌కి ఆ తేడా తెలియదు.

నాకు అర్థమైనంతలో నాలుగు ముక్కలు. "అక్కడ ఏం చూశావు, చెప్పవా?" అని కబుర్ల కోసం అడగొద్దు. వాళ్లే చెప్తే మధ్యలో ఆపకుండా వినండి. ఉలిక్కిపడితే నవ్వొద్దు. క్రికెట్‌కీ టీకీ ఎప్పటిలాగే పిలవండి, రాకపోయినా రేపు మళ్లీ పిలవండి. నెలలు గడిచినా నిద్ర పట్టకపోతే, చదువు సాగకపోతే, చనిపోవాలన్న మాట ఒక్కసారి నోట వచ్చినా, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి. 14416 నంబరుకి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ కౌన్సెలర్లు మాట్లాడతారు, తెలుగులో కూడా.

అన్నయ్యకి ఒకరోజు ఫోన్ చేసి, ఆ దీపావళి రోజు నేనూ నవ్వానని చెప్పాను. "చూశాన్లేరా" అన్నాడు. కాసేపాగి, "మావయ్య నవ్వడం కంటే నువ్వు నవ్వడమే బాధేసింది" అన్నాడు. అప్పటికే రాజమండ్రిలో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు దీపావళికి తనే డాబా ఎక్కాడు. ఒక్కటే అడిగాడు, "పేల్చేముందు ఒక కేక వేయండి చాలు." మా చిన్నపిల్లలకి అది బాగా నచ్చింది. ప్రతి బాంబుకీ ముందు "అన్నయ్యా, పేలుస్తున్నాం!" అని గొంతు చించుకుని అరిచారు. వాడు ప్రతిసారీ చెవులు మూసుకున్నాడు, పిట్టగోడ గట్టిగా పట్టుకున్నాడు. కిందికి మాత్రం వెళ్లలేదు. ఆ రాత్రి అందరితో కలిసే భోంచేశాడు.